సాఫ్ట్‌వేర్ విడిగా అమ్మం

తెర వెనుక యంత్రాలు: 11వ భాగం

1990ల మధ్యలో లండన్ సోహోలోనో న్యూయార్క్‌లోనో ప్రకటనల చిత్రాలకు మెరుగులు దిద్దే సంస్థ నడిపే పెద్దమనిషికి ఫ్లేమ్ కావాలనిపించిందనుకుందాం. ఫ్లేమ్ అంటే కెనడాలోని మాంట్రియల్‌లో డిస్క్రీట్ లాజిక్ అనే కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్. షాట్ మీద షాట్ పేర్చడం, నటుణ్ని వేలాడదీసిన తీగలు చెరిపెయ్యడం, మబ్బు పట్టిన ఆకాశాన్ని నీలంగా మార్చడం దాని పని. ఆయన దుకాణానికి వెళ్లి దాన్ని డబ్బాలో కొనుక్కుని రావడానికి లేదు. అలాంటి డబ్బా ఎక్కడా అమ్మేవారు కాదు. కంపెనీ మనిషో, ఆ ప్రాంతానికి కంపెనీ నియమించిన డీలరో వచ్చి ముందు గది చూసేవాడు. కరెంటు లైను ఎంత లోడు మోస్తుందో, ఏసీ సరిపోతుందో లేదో అడిగేవాడు. కొన్నాళ్లకు ఫ్రిజ్ అంత ఎత్తు సిలికాన్ గ్రాఫిక్స్ ఆనిక్స్ కంప్యూటరు, వరసలుగా హార్డ్ డిస్కులు బిగించిన పెట్టెలు, మానిటర్లు, పెన్ను టాబ్లెట్, చుట్టలు చుట్టలుగా కేబుళ్లు వచ్చి దిగేవి. డిస్కుల పెట్టెకు కూడా డిస్క్రీట్ వాళ్లు 'స్టోన్' అని తమ పేరే పెట్టుకున్నారు. ఇంజనీరు వచ్చి అన్నీ కలిపి, నడిపి చూపించి, ఆర్టిస్టుకు నేర్పించి వెళ్లేవాడు. బిల్లు లక్షల డాలర్లలో ఉండేది.

"యంత్రం మేమే సిలికాన్ గ్రాఫిక్స్ దగ్గర కొనుక్కుంటాం, మాకు సాఫ్ట్‌వేర్ మాత్రం ఇవ్వండి" అంటే కుదిరేది కాదు. ఈ పద్ధతికి ఆ వ్యాపారంలో టర్న్‌కీ అని పేరు.

గత వారం చెప్పుకున్న క్వాంటెల్ వాళ్లకు ఈ గొడవే లేదు. ఇంగ్లండ్‌లోని న్యూబరీలో వాళ్లు కట్టిన పెయింట్‌బాక్స్, హ్యారీ యంత్రాల్లో ప్రోగ్రాము, సర్క్యూటు ఒకదానికోసం ఒకటి పుట్టినవి. దాన్ని దీన్నుంచి విడదీసి అమ్మడమనే మాటకు అర్థమే లేదు. ఫ్లేమ్ సంగతి అలా కాదు. అది నడిచేది ఎవరైనా కొనుక్కోగల కంప్యూటరు మీద. అదే ఆనిక్స్‌ను విమానాల సిమ్యులేటర్లు చేసేవాళ్లూ కొనేవారు, చమురు నిక్షేపాలు వెతికేవాళ్లూ కొనేవారు. కాబట్టి 'విడిగా అమ్మం' అన్నది సాంకేతికంగా తప్పనిసరై వచ్చిన మాట కాదు, ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయం. ఎందుకు తీసుకున్నారు, దానివల్ల ఎవరు బాగుపడ్డారు అన్నదే ఈ వారం కథ.

డిస్క్రీట్ లాజిక్‌ను 1991లో పెట్టినవాడు రిచర్డ్ షల్విన్‌స్కీ. అంతకుముందు అదే ఊళ్లో డానియల్ లాంగ్లోయ్ పెట్టిన సాఫ్ట్‌ఇమేజ్ కంపెనీలో పనిచేసినవాడు. సొంత సరుకు లేకుండానే అంగడి తెరిచాడు. మొదట్లో ఆస్ట్రేలియాలోని యానిమల్ లాజిక్ వాళ్లు రాసిన ఎడ్డీ అనే ప్రోగ్రాము అమ్మిపెట్టాడు. తర్వాత ఆస్ట్రేలియన్ ప్రోగ్రామర్ గ్యారీ ట్రెగాస్కిస్ రాసుకొచ్చిన ప్రోగ్రాము చేతికందింది. అదే పెరిగి ఫ్లేమ్ అయింది. 1993లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' సినిమా పనిలో దాన్ని వాడారు. సినిమా ఆడలేదు గానీ సాఫ్ట్‌వేర్ నిలబడింది.

అమ్మకం పద్ధతికి వెనకున్న లెక్క చూద్దాం. ఆనాటి ప్రామాణిక డిజిటల్ వీడియోను కుదించకుండా నిల్వచేస్తే సెకనుకు దాదాపు 21 మెగాబైట్లు. గంటకు 75 గిగాబైట్లు. 1993లో ఒక హార్డ్ డిస్కులో రెండు గిగాబైట్లు పడితే అది పెద్ద డిస్కు. అది ఆగకుండా ఇవ్వగలిగే వేగం సెకనుకు నాలుగైదు మెగాబైట్లకు మించదు. ఒక్క డిస్కుతో 21 మెగాబైట్లు రాబట్టడం జరగని పని. అందుకని ప్రతి ఫ్రేమునూ ముక్కలు చేసి, పక్కపక్కనున్న అనేక డిస్కుల మీద ఒకేసారి రాసి, ఒకేసారి చదివించేవారు. ఒక్క డిస్కు క్షణం తడబడినా ఫ్రేము రాలిపోతుంది. టేపు మీదికి రికార్డవుతున్న ప్రకటనలో ఒక్క ఫ్రేము రాలిందంటే మళ్లీ మొదటికి. ఇక సినిమా ఫిల్ముకొస్తే 2కె స్కాన్ ఒక్క ఫ్రేమే 12 మెగాబైట్ల పైమాట, సెకనుకు 24 ఫ్రేములు.

డిస్కు సరిపోతే కేబుల్ పొడవు ఎక్కువయ్యేది. కేబుల్ సరిపోతే చివర బిగించాల్సిన టెర్మినేటర్ సరిగ్గా కూర్చునేది కాదు. వీడియోను లోపలికి, బయటికి పంపే బోర్డు ఒక కంపెనీది, ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకొకరిది, టేప్ డెక్ సోనీది. రాత్రి రెండు గంటలకు బొమ్మ ఆగిపోతే ఎవరి కాలరు పట్టుకోవాలి? డిస్కులవాడు సాఫ్ట్‌వేర్ మీదికి తోస్తాడు, సాఫ్ట్‌వేర్ వాడు కంప్యూటరు మీదికి, కంప్యూటరువాడు మళ్లీ డిస్కుల మీదికి. పక్కగదిలో సోఫాలో ప్రకటనల ఏజెన్సీవాళ్లు కూర్చుని ఉంటారు, వాళ్లకు గంటల లెక్కన మీటరు తిరుగుతూ ఉంటుంది. అన్నీ ఒకరే అమ్మితే పట్టుకోవాల్సిన కాలరు ఒక్కటే. కాబట్టి మొదటి కారణం నిజాయితీగా సాంకేతికమైనదే, దాన్ని తీసిపారెయ్యడానికి లేదు.

ఇదే దారిలో డిస్క్రీట్ కంటే ముందు నడిచింది అవిడ్. అపోలో కంప్యూటర్ కంపెనీలో మార్కెటింగ్ చూసిన బిల్ వార్నర్ 1987లో మసాచుసెట్స్‌లో దాన్ని మొదలుపెట్టాడు. తొలి నమూనా అపోలో యంత్రం మీద తయారైంది, అమ్మకానికి వచ్చింది మాత్రం యాపిల్ మ్యాకింటోష్ మీద. 1989లో మీడియా కంపోజర్ బయటికొచ్చింది. టేపునో ఫిల్మునో ముట్టకుండా, వరస ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటూ తెరమీదే ఎడిట్ చెయ్యొచ్చు. అవిడ్ అమ్మినది మ్యాక్, అందులో బొమ్మను పట్టే బోర్డు, డిస్కులు, రెండు మానిటర్లు, రంగురంగుల మీటలున్న కీబోర్డు, వెనక గుచ్చే డాంగిల్. ఆ డాంగిల్ పీకితే ప్రోగ్రాము నోరు మూసుకుంటుంది. మొదట్లో బొమ్మను ఎంతగా కుదించేవారంటే నటుడి ముఖం చదరపు ముక్కల్లా కనిపించేది. దాన్ని చూసి కోత ఎక్కడో తేల్చుకుని, ఆ నిర్ణయాల జాబితా పట్టుకెళ్లి ఫిల్ము నెగటివ్ కోసేవారు. ఆ ముక్కల బొమ్మతోనే పదేళ్లు తిరక్కుండా హాలీవుడ్ ఎడిటింగ్ గదులు మారిపోయాయి. ఎడిటర్ వాల్టర్ మర్చ్ 'ది ఇంగ్లిష్ పేషెంట్'ను ఫిల్ము మీద మొదలుపెట్టి మధ్యలో అవిడ్‌కు మారి ముగించాడు. దానికి 1997లో ఎడిటింగ్ ఆస్కార్ వచ్చింది. కంప్యూటర్ మీద ఎడిట్ చేసిన సినిమాకు ఆ బహుమతి రావడం అదే మొదలు.

రెండో కారణం డీలరు. అతని గురించి చరిత్ర పుస్తకాలు పెద్దగా రాయవు. రాయాలి. ఆ వ్యవస్థ మొత్తం అతని భుజాల మీద నడిచింది. కంపెనీ అతనికి ఒక ప్రాంతం రాసిస్తుంది. అతను సొంత డబ్బుతో డెమో యంత్రం కొంటాడు, దాని ముందు కూర్చోబెట్టడానికి చెయ్యి తిరిగిన ఆర్టిస్టును జీతానికి పెట్టుకుంటాడు. విడిభాగాలు స్టాకు ఉంచుతాడు. అమ్మిన తర్వాత ఏటేటా సపోర్ట్ ఒప్పందం, కొత్త వెర్షన్, అదనపు డిస్కులు, అదనపు మెమరీ అంటూ వస్తూనే ఉంటాడు. అతని బతుకు హార్డ్‌వేర్ మీద మిగిలే లాభంలో ఉంది. కంపెనీ రేపు సాఫ్ట్‌వేర్‌ను విడిగా వెయ్యి డాలర్లకు అమ్మితే కొనేవాళ్లు పెరుగుతారేమో గానీ, డెమో చూపించే మనిషి పోతాడు. యంత్రంతో కలిపి అమ్మితే దొంగ కాపీల భయం కూడా తీరుతుంది. లైసెన్సు ఆ ఒక్క యంత్రం గుర్తింపు సంఖ్యకే ముడిపడి ఉంటుంది గనక కాపీ తీసుకున్నా నడిపించడానికి ఆనిక్స్ ఎక్కణ్నుంచి తెస్తాడు?

ఇక్కడిదాకా అమ్మేవాళ్ల వైపు. ఈ కథను కంపెనీల అత్యాశగా చెప్పేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. నాకు మాత్రం కొనేవాళ్ల వైపే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది.

లక్షల డాలర్లు పోసి ఫ్లేమ్ కొన్నవాడు ఆ ధర చూసి ఏడ్చేవాడా? సంతకం పెట్టే రోజున బహుశా ఏడ్చేవాడే. మర్నాటి నుంచి ఆ ధరే అతని వ్యాపారానికి ప్రహరీగోడ. పోస్ట్ సంస్థలు తమ ప్రకటనల్లో ఆర్టిస్టుల పేర్లకంటే ముందు యంత్రాల పేర్లు వేసుకునేవి. రెండు క్వాంటెల్ హెన్రీలు, మూడు ఫ్లేములు, రంగులు దిద్దే డావిన్చీ ఒకటి అని. గదికి గంటకు వందల డాలర్ల అద్దె. ఏజెన్సీవాడు ఆ యంత్రం పేరు చూసే వచ్చేవాడు. అదే యంత్రాన్ని నిన్నటిదాకా తన దగ్గర జీతానికి పనిచేసిన కుర్రాడు ఇంట్లో పెట్టుకోగలిగితే గంట అద్దె ఏమవుతుంది? కాబట్టి సాఫ్ట్‌వేర్ విడిగా అమ్మమని గట్టిగా అడిగే పని కొనుగోలుదార్లు పెట్టుకోలేదు. అప్పిచ్చే బ్యాంకుకూ ఇదే నచ్చేది. కంతులు ఆగిపోతే మోసుకెళ్లడానికి ఒక ఇనుప పెట్టె కనిపించాలి. డిస్కెట్ మీద ఉన్న ప్రోగ్రామును తాకట్టు పెట్టుకునేదెవరు? తయారీదారు, డీలరు, కొన్నవాడు, బ్యాంకు, నలుగురికీ ఎక్కువ ధరే క్షేమం. బయట ఉండిపోయింది ఆ ధర పెట్టలేని పనివాడొక్కడే.

ఈ గోడకు ఒక బలహీనత ఉంది. దాని ఇటుకలు మరొకరి బట్టీలోవి. డిస్క్రీట్ అమ్మకాల్లో పెద్ద భాగం సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాల విలువే. అవతలి కంపెనీ కొత్త మోడల్ తెస్తోందని మాట పొక్కితే చాలు, కొనేవాడు "ఇంకో ఆర్నెల్లు చూద్దాం" అంటాడు. 1995లో షేర్లు అమ్మి స్టాక్ మార్కెట్‌కు వెళ్లిన డిస్క్రీట్ మరుసటి ఏడాదికల్లా నష్టాల్లో, షేర్‌హోల్డర్ల దావాల్లో చిక్కుకుంది. తేరుకుంది గానీ ఒంటరిగా ఎక్కువకాలం నిలవలేదు. 1999లో ఆటోడెస్క్ దాన్ని సుమారు 41 కోట్ల డాలర్లకు కొనేసింది.

ఇక్కడ నవ్వొచ్చే సంగతి ఒకటుంది. 1980ల మొదట్లో ఇంజనీరింగ్ డ్రాయింగుల రంగం సరిగ్గా ఇలాగే ఉండేది. కంప్యూటర్‌విజన్, ఇంటర్‌గ్రాఫ్ లాంటి కంపెనీలు కంప్యూటరు, తెర, ప్లాటరు, ప్రోగ్రాము అన్నీ కలిపి టర్న్‌కీగా లక్షల డాలర్లకు అమ్మేవి. 1982లో జాన్ వాకర్, అతని స్నేహితులు ఆటోడెస్క్ పెట్టి, మామూలు పర్సనల్ కంప్యూటరు మీద నడిచే ఆటోకాడ్‌ను వెయ్యి డాలర్లకు అమ్మడం మొదలుపెట్టారు. యంత్రం అమ్మలేదు. మీ కంప్యూటరు మీరే తెచ్చుకోండి అన్నారు. పదేళ్లలో పాత టర్న్‌కీ దొరలు ఆ మార్కెట్‌లో వెనక్కి వెళ్లిపోయారు. ఈ రోజు మన ఊళ్లల్లో ఇంటి ప్లాను గీసే ప్రతి డ్రాఫ్ట్స్‌మన్ బల్లమీదా ఉన్నది ఆ వెయ్యి డాలర్ల సాఫ్ట్‌వేర్ వంశమే. అలా పెట్టెల వ్యాపారాన్ని కూల్చి డబ్బు చేసుకున్న కంపెనీ, ఆ డబ్బుతోనే పెట్టెల వ్యాపారం చేసే డిస్క్రీట్‌ను కొని, చాలా ఏళ్లు అదే పద్ధతిలో నడిపింది. సిలికాన్ గ్రాఫిక్స్ దెబ్బతిన్నాక ఫ్లేమ్‌ను లినక్స్ మీదికి, మామూలు వర్క్‌స్టేషన్ల మీదికి మార్చారు. ఐనా సాఫ్ట్‌వేర్ విడిగా దొరకలేదు. లోపల యంత్రం మామూలుదైపోయినా పైన గోడ అలాగే ఉంచారు.

గోడకు తొలి కన్నం పక్కవాటాలో పడింది. 1990లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం టొపీకాలో న్యూటెక్ అనే చిన్న కంపెనీ అమీగా కంప్యూటర్‌లో గుచ్చే వీడియో టోస్టర్ కార్డును 2,399 డాలర్లకు తెచ్చింది. మిక్సింగు, టైటిల్సు, గ్రాఫిక్సు అన్నీ అందులోనే. కేబుల్ టీవీలవాళ్లు, పెళ్లి వీడియోలవాళ్లు ఎగబడ్డారు. పెద్ద సంస్థలు చూసి నవ్వుకున్నాయి. ఆటబొమ్మ అన్నారు.

1995లో డీవీ కెమెరాలు వచ్చాయి. వాటి బొమ్మ సెకనుకు సుమారు 3.6 మెగాబైట్లే. ముందు చెప్పుకున్న 21తో పోల్చండి. ఇంతకు ఒక్క మామూలు డిస్కు చాలు. ప్రత్యేకమైన బోర్డు అక్కర్లేదు, ఫైర్‌వైర్ తీగ ఒకటి గుచ్చితే కెమెరా నుంచి బొమ్మ కంప్యూటర్లోకి నేరుగా వచ్చేస్తుంది. ఎవరి కాలరు పట్టుకోవాలన్న ప్రశ్నకు ఆధారమైన సాంకేతిక కారణం అక్కడితో సగం పోయింది. ధర పెంచి పెట్టాలన్న కోరిక మాత్రం మిగిలింది.

1999 ఏప్రిల్. లాస్ వేగస్‌లో ఏటా జరిగే ప్రసార పరికరాల ప్రదర్శన, ఎన్‌ఏబీ. యాపిల్ అక్కడ ఫైనల్ కట్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను 999 డాలర్లకు ప్రకటించింది. దాన్ని రాసిన బృందానికి నాయకుడు రాండీ ఉబిల్లోస్, అంతకుముందు అడోబీకి ప్రీమియర్ రాసినవాడే. మాక్రోమీడియాలో మొదలైన ఆ ప్రాజెక్టును యాపిల్ 1998లో కొనుక్కుంది. అదే ప్రదర్శనలో అవిడ్ ఇకమీదట మ్యాక్ వదిలేసి విండోస్ వైపు వెళ్తామని చెప్పి, పాత కొనుగోలుదార్లు విరుచుకుపడితే వెనక్కి తగ్గింది. పదేళ్లుగా మ్యాక్ పెట్టెలే అమ్ముకుని బతికిన కంపెనీ మ్యాక్‌ను వదులుతానన్న ఏడాదే, ఆ మ్యాక్ తయారీదారు వెయ్యి డాలర్ల లోపు సొంత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తేవడం అవిడ్ దురదృష్టం.

అప్పుడు కూడా పెద్ద సినిమావాళ్లు తొందరపడలేదు. 2003లో వచ్చిన 'కోల్డ్ మౌంటెన్'ను వాల్టర్ మర్చ్ ఫైనల్ కట్ మీద చేస్తానన్నప్పుడు ఆ పనికి వెనక నిలబడడానికి యాపిలే తటపటాయించింది. లాస్ ఏంజెలెస్‌లోని డిజిటల్‌ఫిల్మ్ ట్రీ అనే సంస్థ మ్యాకులు, నిల్వ, తీగలు అన్నీ కూర్చి పెట్టింది. షూటింగ్ రుమేనియాలో, సామగ్రి అక్కడికే వెళ్లింది. సాఫ్ట్‌వేర్ ధర 999 డాలర్లే, దాన్ని కోట్ల డాలర్ల సినిమాకు భరోసాగా నిలబెట్టడానికి మాత్రం మళ్లీ ఒక మధ్యమనిషి కావలసివచ్చాడు. సినిమాకు ఎడిటింగ్‌లో ఆస్కార్ నామినేషన్ వచ్చాక వాదనలు సద్దుమణిగాయి. 2006లో అవిడ్ కూడా దిగొచ్చి మీడియా కంపోజర్‌ను పెట్టెలేమీ లేకుండా ఒట్టి సాఫ్ట్‌వేర్‌గా 4,995 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టింది. ఆ తర్వాతి ధరలు ఇంకా కిందికే వెళ్లాయి.

ఎడిటింగ్ గోడ అలా కూలింది. రంగులు దిద్దే గది, అంటే కలర్ గ్రేడింగ్ గది, ఇంకొన్నేళ్లు భద్రంగా ఉంది. అక్కడ రాజ్యమేలింది డావిన్చీ. ఫ్లోరిడాలో ఒక పోస్ట్ సంస్థ 1980ల మొదట్లో తన అవసరం కోసం కట్టుకున్న రంగుల సవరణ యంత్రం నుంచి పుట్టిన కంపెనీ అది. ఫిల్మును వీడియోగా మార్చే టెలిసినీ పక్కన డావిన్చీ, దాని ముందు మూడు బంతులున్న ప్యానల్, చీకటి గది, కలరిస్ట్. హాలీవుడ్ నుంచి మద్రాసు దాకా ఈ దృశ్యం ఒకటే. 2004లో వచ్చిన డావిన్చీ రిజాల్వ్‌లో సొంత సర్క్యూట్లు పోయి లినక్స్ కంప్యూటర్లు, గ్రాఫిక్స్ కార్డులు వచ్చాయి. అంటే లోపలున్నది బజారులో దొరికే సరుకే. ధర మాత్రం హంగును బట్టి 2 లక్షల డాలర్ల నుంచి 8 లక్షల దాకా.

2009లో డావిన్చీని బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ కొన్నది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ కంపెనీ. దాని అధిపతి గ్రాంట్ పెట్టీ పోస్ట్ సంస్థల్లో ఇంజనీరుగా పనిచేసి, ఆ గదుల్లోకి డబ్బున్నవాళ్లకే ప్రవేశం ఉండడం చూసినవాడు. పది వేల డాలర్లు పలికే తరహా వీడియో కార్డును 2002లో వెయ్యి లోపు ధరకు డెక్‌లింక్ పేరుతో అమ్మి పైకొచ్చాడు. 2010 ఏప్రిల్ ఎన్‌ఏబీలో రిజాల్వ్‌ను మ్యాక్ మీద ఒట్టి సాఫ్ట్‌వేర్‌గా 995 డాలర్లకు ఇస్తానన్నాడు. మూడు బంతుల ప్యానల్ కావాలంటే 29,995. మరుసటి ఏడాది లైట్ పేరుతో ఉచితంగానే పంచిపెట్టాడు.

ఆ మార్పును మొన్నమొన్ననే లక్షల డాలర్ల డావిన్చీ కొన్న సంస్థల వైపు నుంచి చూడండి. కంతులు ఇంకా తీరలేదు. గదికి రేటు కార్డు అచ్చేసి ఉంది. ఇప్పుడు దాని మీదున్న పేరే ఒక కాలేజీ కుర్రాడి లాప్‌టాప్ మీద కూడా ఉంది. వాళ్ల యంత్రం పాడవలేదు, కలరిస్ట్ చెయ్యి పడిపోలేదు. పోయింది ఆ పేరు వల్ల వచ్చే అద్దె. ధరను కంపెనీతో కలిసి కాపలా కాసినవాళ్లు ఈసారి ఒంటరిగా మిగిలారు, ఎందుకంటే కంపెనీ చేతులు మారాక కొత్త యజమానికి ఆ గోడతో పని లేదు. అతను బతికేది కెమెరాలు, కార్డులు, ప్యానళ్ల మీద. చౌక సాఫ్ట్‌వేర్ ఎంతమంది చేతుల్లో పడితే అతనికి అంత లాభం. ఇందులో ధర్మాత్ముణ్ని వెతకడం నాకు నచ్చదు. వేరే సరుకు అమ్ముకునేవాడు మొదటివాడి గోడ కూల్చాడు, అంతే.

పాతవాళ్లు ఒక మాట అనేవారు, అందులో నిజముంది. 995 డాలర్ల రిజాల్వ్ కొన్నవాడు ఏ గ్రాఫిక్స్ కార్డు ఏ స్లాటులో పెట్టాలి, ఏ డ్రైవరు వెయ్యాలి, డిస్కులు ఎలా కలపాలి అని కంపెనీ వేసిన మార్గదర్శక పుస్తకం ముందేసుకుని తనే తంటాలు పడాలి. అర్ధరాత్రి బొమ్మ ఆగితే పట్టుకోవడానికి కాలరు లేదు. తెలివైన డీలర్లు ఈ ఖాళీని పట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్ లాభం పోయినా, అన్నీ బిగించి పరీక్షించి ఇచ్చే వర్క్‌స్టేషన్లు, పదిమంది పంచుకునే నిల్వ, సరైన రంగు చూపించే మానిటర్లు అమ్మి నిలబడ్డారు. తెలివి చాలనివాళ్లు మూసేశారు.

మన దగ్గర ఈ కథ వేరే అంతస్తులో నడిచింది. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది చూసిన టర్న్‌కీ వీడియో వ్యాపారం పెళ్లి వీడియోలది. జిల్లా కేంద్రంలో ఫొటో స్టూడియో నడిపే ఆయన 'మిక్సింగ్' పెట్టాలనుకుంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డీలరు దగ్గరికి వెళ్లేవాడు. అడిగేది సాఫ్ట్‌వేర్ గురించి కాదు. "సిస్టమ్ ఎంతవుతుంది?" అని. డీలరు కంప్యూటరు బిగించి, జపాన్‌లోని కోబే కంపెనీ కనోపస్ వాళ్ల కార్డు గుచ్చి, దాంతో వచ్చే ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసి, తలంబ్రాల మీద పూలు రాలే ఎఫెక్టులు కొన్ని దాంట్లో నింపి ఇచ్చేవాడు. రెండ్రోజులు కూర్చోబెట్టి నేర్పేవాడు కూడా. పూల ఎఫెక్టులకు లైసెన్సు ఉందా అని ఎవరూ అడిగేవారు కాదు. సినిమాకొస్తే, డీఐ (డిజిటల్ ఇంటర్మీడియట్, అంటే కంప్యూటర్లో రంగులు దిద్దే పని) అని టైటిల్స్‌లో విడిగా పేరు వెయ్యడం మొదలైన రోజుల్లో ఆ గదులు పెద్ద స్టూడియోల్లోనే ఉండేవి. ఈ రోజు షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లు హాస్టల్ గదిలో రిజాల్వ్ ఉచిత వెర్షన్ మీద రంగులు దిద్దుకుంటున్నారు.

విడిగా అమ్మడం గెలిచాక అమ్మకమే పోవడం మొదలైంది. 2013లో అడోబీ తన సాఫ్ట్‌వేర్‌ను శాశ్వతంగా కొనుక్కునే పద్ధతికి ముగింపు పలికి నెలవారీ చందాకు మారింది. ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు కంపెనీ అధిపతి హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్. డబ్బా దాచుకుని పదేళ్లు అదే వాడుకుందామనుకునేవాళ్లు అప్పట్లో బాగా తిట్టారు. ఆటోడెస్క్ కూడా మెట్లు దిగింది. ఫ్లేమ్ తమ్ముడు స్మోక్‌ను 2009లో మ్యాక్ మీద 14,995 డాలర్లకు, అదీ డీలర్ల ద్వారా, విడిగా ఇచ్చింది. 2012లో దాని ధర 3,495కు దించింది. చివరికి ఫ్లేమే మ్యాక్ మీద చందాకు దొరకసాగింది. ఒకప్పుడు కరెంటు లైను చూసి గానీ అమ్మని సరుకు అది.

బ్లాక్‌మ్యాజిక్ మాత్రం అప్పట్లో చందా జోలికి పోలేదు. 2017లో రిజాల్వ్ స్టూడియో ధరను 299 డాలర్లకు దించింది. దాన్ని చాలాకాలం చిన్న డబ్బాలో డాంగిల్ పెట్టి డీలర్ల దుకాణాల్లోనే అమ్మించింది. కంపెనీ వెబ్‌సైట్‌లో కొనబోతే మీ దగ్గర్లోని డీలరు ఎవరో చూపించేది. ఆ కంపెనీ సినిమా కెమెరా కొంటే, అదే డబ్బాలో రిజాల్వ్ స్టూడియో లైసెన్సు కూడా వస్తుంది. విడిగా డబ్బు కట్టనక్కర్లేదు.